ఇంజను ఆగితే ఇల్లు

అద్దె బండ్ల ఆవరణలో ఆ ఉదయం గువ్వ పెట్టిన పేచీకి మూలం ఒకే ఒక ప్రశ్న: ఇంట్లో ఉన్నవాళ్ళను ఎవరైనా కట్టేస్తారా?

ఐదేళ్ళు నిండని పిల్ల వాదనే అయినా అందులో బలముంది. ఆ బండిలో పొయ్యి ఉంది, గిన్నెలు కడిగే తొట్టి ఉంది, గోడలో ఒదిగిన చిన్న ఫ్రిజ్ ఉంది, వెనుక పరుపులు పరిచిన పడకలున్నాయి. కిటికీలకు తెరలు కూడా ఉన్నాయి. సెలవులు పూర్తయ్యేదాకా ఇదే మన ఇల్లు అని తండ్రి నోరారా చెప్పి ఉన్నాడు. అటువంటి ఇంట్లోకి అడుగు పెట్టిన మరుక్షణమే తనను పట్టుకుని పిల్లల సీటులో కూలేసి, భుజాల మీదుగా రెండు పట్టీలు దించి, పొట్ట దగ్గర టక్కుమని బిగించడం ఏ రకమైన న్యాయమో గువ్వకు అర్థం కాలేదు. పక్క సీటులో ఉన్న తమ్ముడు, గుండ్రంగా ఉంటాడని అందరూ బుడంకాయ అని పిలిచే పిల్లవాడు, సంగతేమిటో తెలియకపోయినా అక్కకు మద్దతుగా రాగం అందుకున్నాడు.

బండి అప్పగించే మనిషి తలుపు దగ్గర ఓపికగా నిలబడ్డాడు. చెప్పవలసినవన్నీ అతడు అప్పటికే చెప్పాడు. బయలుదేరే ముందు గ్యాసు కట్టేయాలి. పై అరలకు గొళ్ళేలు వేయాలి. బల్ల మీద నీళ్ళ సీసా కూడా ఉంచకూడదు, బ్రేకు పడితే అది రాయిలా ఎగురుతుంది. బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న సీట్లకు బెల్టులున్నాయి; వాటి వెనుక గోడవారగా ఉన్న సోఫాకు లేవు, అది బండి ఆగినప్పుడు కూర్చోవడానికి మాత్రమే. పిల్లల తల్లి ప్రతిదానికీ తల ఊపి, ఆయమ్మ వైపు తిరిగింది.

"విన్నావుగా? బండి కదులుతున్నంతసేపూ పిల్లలు బెల్టులో ఉండాల్సిందే. అది నీ బాధ్యత."

ఆయమ్మ విన్నది. గువ్వ సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుపు కాస్త తెరిపి ఇచ్చేదాకా ఆగి, రహస్యం చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"ఇది ఇల్లూ అవుతుంది, బండీ అవుతుంది. ఇంజను మోగిందనుకో, బండి. ఆగిందనుకో, ఇల్లు. బండిలో కట్టుకుంటాం, ఇంట్లో విప్పుకుంటాం. ఎప్పుడు ఏదో నేను చెప్తాగా."

"నువ్వు అబద్ధం చెప్తే?"

"నీకెప్పుడైనా చెప్పానా?"

గువ్వ ముక్కు ఎగబీల్చి ఆలోచించింది. సూది మందుకు తీసుకువెళ్ళేటప్పుడు తల్లి, తండ్రి, నానమ్మ, ఆఖరికి నర్సు కూడా నొప్పి ఉండదనే చెబుతారు. ఉంటుంది, కాసేపే ఉంటుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఆయమ్మ ఒక్కతే. తండ్రి తాళంచెవి తిప్పాడు. కాళ్ళ కింద నేల సన్నగా వణికింది.

"బండి," అన్నది గువ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

*

తరువాత ఆ మాట ఆట అయింది, ఆటలోంచి చట్టమైంది. పెట్రోలు బంకులో ఇంజను ఆగితే ఇల్లు. దారి మధ్య గేటు పడి, బండి నిలబడినా ఇంజను మోగుతూనే ఉంటే అది బండే. ఈ సూక్ష్మాన్ని గువ్వే కనిపెట్టి తమ్ముడికి బోధించింది. "ఆయమ్మా, ఇల్లా, బండా?" అని పిల్ల అడగడమూ, ఆయమ్మ జవాబు చెప్పడమూ, ఆ జవాబును బుడంకాయ ముద్దముద్దగా తిరిగి అనడమూ, ఆ తరువాతే పట్టీల మీద చేయి పడడమూ ఒక క్రమంలో జరిగిపోయేవి. పిల్లల తండ్రి నవ్వేవాడు. ఇల్లు పీకి పందిరేసే పిల్లలకు చక్రాల మీది ఇల్లే సరైనదని అతడు స్నేహితులతో ఫోనులో చెప్పడం ఆయమ్మ చెవిన పడింది. తల్లి కూడా సంతోషించింది. ఏడుపూ పెడబొబ్బలూ లేని ప్రయాణం ఆమె ఊహించనిది.

ఆయమ్మ తన పని తాను చేసుకుపోయేది. బయలుదేరే ముందు బండి వెనుక నుంచి ముందుకు నడిచేది. పై అరల గొళ్ళేలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూసేది. పాలగిన్నెనూ కత్తినీ కింది సొరుగులో పెట్టి, గిన్నెలు గలగలలాడకుండా మధ్య మధ్య తువ్వాళ్ళు కుక్కేది. గ్యాసు మీట అడ్డంగా తిరిగి ఉన్నదో లేదో వంగి చూసేది. చలిగా ఉన్నా సరే పిల్లల మందపు కోట్లు విప్పించి, పట్టీకీ రొమ్ముకూ మధ్య తన వేళ్ళు ఇరుకుగా పట్టేలా బిగించి, కోటును దుప్పటిలా పైన కప్పేది. అప్పుడు తాను పిల్లలకు ఎదురు సీటులో, బండి పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుని బెల్టు పెట్టుకునేది.

ఆమె పక్క సీటు పిల్లల నానమ్మది. పెద్దమ్మగారు అందులో ఊరి పొలిమేర దాటేదాకా మాత్రమే కూర్చున్నారు. వెనక్కి తిరిగి ప్రయాణం చేస్తే తనకు కడుపులో తిప్పుతుందని, లేచి వెళ్ళి సోఫాలో దిండ్లు పేర్చుకుని కాళ్ళు చాపుకున్నారు. అక్కడ బెల్టు లేదమ్మా అని కొడుకు అద్దంలోంచి చూస్తూ గుర్తు చేశాడు.

"నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పాను. ఏ బెల్టు కట్టి పెంచానురా?" అన్నారు ఆవిడ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల వయసు కొడుకుకు ఇంకా రాలేదు.

సోఫా పిల్లల సీట్లకు వెనుక ఉంది. అక్కడి నుంచి పెద్దమ్మగారికి కనిపించేవి మనవల నెత్తులు, వాటికి ఎదురుగా ఆయమ్మ ముఖం. పిల్లలు రోజంతా ఆ ముఖంతోనే మాట్లాడేవారు, ఆ ముఖాన్నే ప్రశ్నలడిగేవారు. పెద్దమ్మగారు వెనుక నుంచి కథ మొదలుపెడితే గువ్వ ఊఁ కొట్టేది గాని మెడ తిప్పేది కాదు. ఆ సీటులో తిప్పడానికి వీలూ లేదు. మొదటి సాయంత్రం ఆవిడ ఊరుకున్నారు. మరునాడు, బండి ఆగి కిందికి దిగుతున్నప్పుడు, మనవరాలు నానమ్మ చెయ్యి వదిలి "ఆయమ్మా, ఇల్లేనా?" అని వెనక్కి చూసింది. ఆవిడ ముఖం మాడిపోయింది. దీని నోట ఏం మంత్రం పలికించావే అని ఆయమ్మను నవ్వుతూనే అడిగారు. ఆయమ్మ ఆ నవ్వును నమ్మలేదు.

ఆ పూట బట్టలు ఆరేస్తూ ఆయమ్మ ఇంటికి ఫోను చేసింది. ఇల్లంటే సారువాళ్ళ ఇంటి వెనుక గది. అందులో ఆమె తల్లి ఒక పక్క చచ్చుబడి మంచాన ఉంది. తోటమాలి భార్య రెండు పూటలా తినిపించి, పక్క మార్చి పోతోంది. ఫోను తల్లి చెవి దగ్గర పెడితే మాట రాలేదు, ఊపిరి మాత్రం వినిపించింది. ఆయమ్మ పిల్లల సంగతులూ బండి సంగతులూ ఆ ఊపిరికి చెప్పింది. ఆ గది అద్దెది కాదు, ఆమెది కూడా కాదు. ఆమె పని ఉన్నంతకాలం ఉండే గది. ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ ఆమెతో అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు.

*

దారి సముద్రం పక్కకు తిరిగిన రోజున ఎండ మెత్తగా ఉంది. నీళ్ళు సోఫా వైపు కిటికీలోంచి కనిపిస్తున్నాయి. పిల్లల వైపు కొండరాళ్ళు తప్ప ఏమీ లేవు. పెద్దమ్మగారు తెర పూర్తిగా పక్కకు లాగి, తన పక్కన చోటు చేసి, దిండు తట్టి, గువ్వను పిలిచారు. ఇక్కడ కూర్చుంటే పడవలన్నీ కనిపిస్తాయన్నారు.

"ఇది బండి, నానమ్మా," అన్నది గువ్వ కదలకుండానే.

"నేను పిలుస్తున్నానా లేదా?"

"ఆయమ్మ చెప్పలేదుగా."

ఆ పిల్ల మాటలో పొగరు లేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నది. పెద్దమ్మగారు మాత్రం దిండు మీద నుంచి చెయ్యి తీసేశారు.

"విన్నావా అమ్మాయ్, నీ కూతురి మాట?" అన్నారు ముందు సీటులోని కోడలితో. "తల్లీ అక్కర్లేదు, నానమ్మా అక్కర్లేదు. పనిమనిషి లెమ్మంటే లేస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. రేపు అమ్మ ఎవరని అడిగితే ఎవర్ని చూపిస్తుందో చూసుకో. ఇంటికి వెళ్ళాక ముందు ఈ సంగతి తేల్చండి. వేరే మనిషి దొరక్కపోదు."

అత్తగారు బయలుదేరిన నాటి నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నది దీని గురించే కాబోలు. పిల్లల తల్లి మెడ వెనుక భాగం అలిసిపోయినట్టు వాలింది. ముందుకు చూస్తూనే, ఒక్క ఐదు నిమిషాలు పిల్లను పెద్దావిడ దగ్గరికి పంపించమని ఆయమ్మకు చెప్పింది. దారి నున్నగా ఉందని కూడా చేర్చింది.

బండి కాసేపు పక్కన ఆపితే బాగుంటుందేమోనని ఆయమ్మ మెల్లగా అన్నది. ఇక్కడ ఆపే చోటు లేదు, నేను మెల్లగానే పోతున్నానుగా, అన్నాడు సారు. అతని గొంతులో విసుగు ఎవరి మీదదో తెలియలేదు.

"చెప్పింది చెయ్యి ఆయమ్మా," అన్నది తల్లి. "ప్రతిదీ పంచాయితీ చెయ్యకు."

ఆయమ్మ తన బెల్టు విప్పుకుంది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచి, బల్ల మీదుగా వంగింది. పిల్లల సీటు బెల్టుకు మధ్యలో ఎర్రటి మీట ఉంటుంది, పెద్దవాళ్ళ బొటనవేలికి తప్ప లొంగదు. గువ్వ రెండు అరచేతులూ ఆ మీట మీద ఒకదానిపై ఒకటి కప్పి పెట్టుకుంది.

"బండి కదా?"

నేల వణుకు ఆయమ్మ అరికాళ్ళకు తెలుస్తూనే ఉంది. గువ్వ కాళ్ళు నేలకు అందవు. వెనుక పెద్దమ్మగారు చూస్తున్నారు. ముందు అద్దంలో సారు కళ్ళు ఒకసారి ఇటు తిరిగి దారి మీదికి పోయాయి. ఆ క్షణాన ఆయమ్మకు వెనుక గదిలోని మంచం కనిపించింది, దాని మీది దుప్పటి కనిపించింది, దుప్పటితో సహా ఆ మంచాన్ని ఎక్కడికి మోసుకుపోవాలో మాత్రం కనిపించలేదు.

"ఇల్లే," అన్నది. "ఇప్పుడు ఇల్లేలే."

గువ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఎంతోసేపు చూడలేదు. చేతులు తీసేసింది.

మీట నొక్కగానే పట్టీలు వదులయ్యాయి. పిల్ల సీటు దిగి, ఆయమ్మ చేతి వేళ్ళు పట్టుకుని, వెనక్కి తిరిగి, నానమ్మ చాచిన చేతుల వైపు నడిచింది. ఆ నడకలో ఆయమ్మ వేళ్ళు వదిలేయవలసిన చోటు ఒకటి వచ్చింది, ఎందుకంటే మధ్యలో బల్ల ఉంది. వదిలేసింది.

ముందు పోతున్న లారీ ఎందుకు ఆగిందో ఆ తరువాత కూడా ఎవరికీ తెలియలేదు. సారు బ్రేకు గట్టిగా తొక్కాడు. సొరుగుల్లో గిన్నెలు, తువ్వాళ్ళు కుక్కి ఉండబట్టి, చప్పుడు చేయలేదు. పై అరలు తెరుచుకోలేదు. బండిలో కట్టి లేనివి మూడే ప్రాణాలు. దిండ్లు పెద్దమ్మగారిని కాశాయి. ఆయమ్మ తన సీటు మీదికి విసురుగా పడింది. పడుతూ చాచిన చేతికి గువ్వ గౌను అంచు తగిలింది, పట్టు దొరకలేదు. పిల్ల వెనక్కి ఎగిరి వచ్చి బల్ల అంచుకు తగిలింది.

బుడంకాయ తన సీటులో అలాగే ఉన్నాడు. వాడి చొక్కా కూడా నలగలేదు. అక్కను చూసి, ఆయమ్మను చూసి, ఏడవడానికి ఎవరి అనుమతి కావాలో తెలియనట్టు నోరు తెరిచి ఉంచాడు.

*

దగ్గరి ఊళ్ళో ఆసుపత్రి చిన్నదే గాని శుభ్రంగా ఉంది. ఎడమ భుజం మీది ఎముక విరిగిందని, కనుబొమ్మ పైన కుట్లు పడతాయని, తలకు ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పింది. చెబుతూనే చేతులు కడుక్కుని, గువ్వ చేతికి పట్టీ కట్టి మెడకు వేలాడదీసింది. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరినీ ఏమీ అడగలేదు. పూర్తయ్యాక అడిగింది: బండిలో పిల్లకు బెల్టు లేదా?

"ఉందండీ. పెట్టాం," అన్నది తల్లి. "ఆయా విప్పింది."

గదిలో అందరూ ఉన్నారు. సారు కిటికీ గట్టు మీద చేయి పెట్టి నిలబడి ఉన్నాడు. పెద్దమ్మగారు కుర్చీలో కూర్చుని శాలువా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. ఆయమ్మ ముందు ఆవిడ వైపు చూసింది, తరువాత సారు వైపు చూసింది. శాలువా కొస మళ్ళీ వేలికి చుట్టుకుంది.

డాక్టరమ్మ ఆయమ్మ వైపు తిరిగింది. కోపంగా ఏమీ లేదు. రోజూ ఇటువంటివి చూసే మనిషి.

"ఎందుకు విప్పావమ్మా?"

జవాబు చెప్పడానికి ఆయమ్మకు కావలసినంత వ్యవధి దొరికింది. ఎవరూ అడ్డం రాలేదు.

"నేనే విప్పానండీ," అన్నది.

"ఆయమ్మ ఇల్లు అంది," అన్నది మంచం మీది గువ్వ. మందు మత్తులో మాట ముద్దగా వచ్చింది. "బండి అయినా ఇల్లు అంది."

డాక్టరమ్మకు అది బోధపడలేదు. దెబ్బ తగిలిన పిల్లలు ఏదో ఒకటి మాట్లాడుతుంటారని తల్లితో అని, దుప్పటి సరిచేసి వెళ్ళిపోయింది. బోధపడినవాళ్ళు నలుగురూ నాలుగు వైపులకు చూశారు.

కాసేపటికి తల్లి ఆయమ్మను వరండాలోకి పిలిచింది. ఆయమ్మ కుంటుతూ వెళ్ళింది. మోకాలు వాచి ఉన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పని మానేయమన్న మాట కోసం ఆమె సిద్ధపడి ఉంది. కాని తల్లి చేతిలో ఒక మందు గొట్టం ఉంది.

"మోకాలికి రాసుకో," అన్నది. "అత్తయ్యతో నేను మాట్లాడాను. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. మీ అమ్మ సంగతి కూడా నాకు తెలుసు కదా. ఇంటికెళ్ళాక ఎవరైనా అడిగితే ఇక్కడ చెప్పిందే చెప్పు. అంతకన్నా ఏమీ వద్దు."

ఆయమ్మ మందు గొట్టం రెండు చేతులతో అందుకుంది. సరేనమ్మగారూ అన్నది. ఆ మాట అనడానికి ఏమీ కష్టం కలగలేదు. ఒకసారి నోరు అలవాటు పడ్డాక మాటలు సులువుగానే వస్తున్నాయని గమనించుకుని, గొట్టం మూత తిప్పుతూ కాసేపు అక్కడే నిలబడిపోయింది.

*

డాక్టరమ్మ సరే అన్నాక తిరుగు ప్రయాణమయ్యారు. ఎడమ పట్టీ కింద మెత్తటి గుడ్డ మడత పెట్టి గువ్వను సీటులో కూర్చోబెట్టారు. పెద్దమ్మగారు ఎవరూ చెప్పకుండానే సోఫా వదిలి వచ్చి, ఆయమ్మ పక్కన వెనక్కి తిరిగిన సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. కడుపులో తిప్పుతున్నదేమో, దారంతా ముక్కు దగ్గర రుమాలు పట్టుకునే ఉన్నారు. ఒక్కసారి మాత్రం రుమాలు తీసి, మనవలకు బుద్ధి చెప్పే గొంతుతో అన్నారు: ఇక మీదట ఆయమ్మ చెప్పినా సరే, బెల్టు విప్పకూడదు. పిల్లలు ఊఁ అన్నారు. ఆయమ్మ కూడా, అలవాటు కొద్దీ, తల ఊపింది.

గువ్వ ఆ రోజు ఇల్లా బండా అని అడగలేదు. పెట్రోలు బంకులో ఇంజను ఆగింది. ఆయమ్మ ప్రశ్న కోసం చూసింది. పిల్ల కిటికీలోంచి బంకు స్తంభాన్ని చూస్తూ కూర్చుంది. దిగనన్నది. నొప్పిగా ఉందేమోనని తల్లి ఊరుకుంది.

సాయంత్రానికి ఒక పెద్ద మైదానంలో, ఇటువంటి బండ్లూ బస్సులూ ఆగే చోట, సారు బండి నిలిపాడు. ఇంజను ఆగింది. నేల వణుకు ఆగింది. పెద్దవాళ్ళు ముగ్గురూ దిగి, మడత కుర్చీలు వేసుకుని గాలి పీల్చుకుంటున్నారు. ఆయమ్మ తన బెల్టు విప్పుకుని లేచి, గ్యాసు మీట తిప్పి, పాలు వెచ్చబెట్టి, రెండు గ్లాసుల్లో పోసి బల్ల మీద పెట్టింది. తరువాత పిల్లల ముందు, మొదటి రోజు కూర్చున్నట్టే, మోకాలు నొప్పి పెడుతున్నా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇల్లు," అన్నది.

బుడంకాయ రెండు చేతులూ పైకి చాచాడు. చాచి, అక్క వైపు చూశాడు.

గువ్వ ఆయమ్మ ముఖం వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. కిటికీకి ఆనుకున్నట్టుగా పక్కనే ఒక పొడవాటి బస్సు ఉంది. గువ్వ దానినే రెప్ప వేయకుండా చూస్తూ ఉంది. అంతలో ఆ బస్సు మెల్లగా కదిలింది. దాని అద్దాలు ఒకదాని వెనుక ఒకటిగా కిటికీలోంచి వెనక్కి జారిపోసాగాయి. లోపల కూర్చున్నవాళ్ళకు తమ బండే ముందుకు పోతున్నట్టు ఉంది. ఆయమ్మ కూడా ఒక క్షణం బల్ల పట్టుకుంది.

"బండి," అన్నది గువ్వ. బాగున్న చేతిని ఎర్రమీట మీద కప్పింది.

"కాదమ్మా, కదిలింది అది. మనం కాదు."

"తమ్ముడూ, చేతులు దించు," అన్నది గువ్వ. "ఆయమ్మ చెప్తే కాదు. కిటికీ చూడాలి."

బుడంకాయ చేతులు దించి, తన చిన్న అరచేతిని పొట్ట మీది మీటకు ఆనించాడు.

బస్సు వెళ్ళిపోయింది. దాని వెనుక మైదానం, కంచె, కంచె అవతల ఒక దీపస్తంభం కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆయమ్మ వాటిని చూపించింది. గువ్వ చూసింది. చెయ్యి తీయలేదు. పాల మీద మీగడ కట్టింది. పిల్లల్ని దింపు, చల్లగాలి తగులుతుంది, అని బయట నుంచి తల్లి పిలిచింది. మీట నొక్కడానికి ఆయమ్మ బొటనవేలికి బలం ఉంది. పిల్ల చెయ్యి పక్కకు తీయడం ఎంతసేపు. ఆమె చెయ్యి ముందుకు చాచింది. గువ్వ అరచెయ్యి మీట మీద మరింత బిగుసుకుంది. ఆయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తల్లి మళ్ళీ పిలిచింది. ఆయమ్మ లేచి, గ్యాసు మీట అడ్డంగా తిప్పి, పాలగ్లాసులు బల్ల మీది నుంచి తీసి తొట్టిలో పెట్టి, పిల్లలకు ఎదురు సీటులో కూర్చుని, బెల్టు పెట్టుకుంది.